సుద్దగీతల బీరువా

టీచరమ్మ పోయిందని నాకు చెప్పింది నర్సమ్మ. హబ్సిగూడలో నేను పనిచేసే ఆఫీసుకి ఫోన్ చేసి, నన్ను పిలిపించి, నేను రిసీవర్ చెవికి పెట్టుకోగానే ముందు "ఏడవమాక" అంది. ఆ తర్వాత చెప్పింది. తెల్లవారుతుండగా, సికింద్రాబాద్ ఆస్పత్రిలో, నిద్రలోనే. "పడుకునే పోయిందిలే" అంది. ఆ మాటకి మా ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చిందనుకుంటాను. "నువ్వు ఆస్పత్రికి రామాక. తిన్నగా ఇంటికి రా. ఆ చెప్పుల బీరువా విప్పాలి కదా మనం" అంది.

చావు కబురు వింటే ఎవరైనా మనిషి దగ్గరికి పరిగెత్తుతారు. మేమిద్దరం బీరువా దగ్గరికి పరిగెత్తాం. టీచరమ్మ మాకు ముందే అప్పజెప్పిన పని అది. ఎందుకు అప్పజెప్పిందో, దాని కోసం తను ఏం వదులుకుందో ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. అందుకే రాస్తున్నాను.

తార్నాకలో మా వీధిలో ఆమెని అందరూ టీచరమ్మ అనే పిలిచేవాళ్ళు. నేను మాత్రం ఆంటీ అనేదాన్ని. వాళ్ళది కోస్తా. భర్త రైల్వేలో గార్డు. ఆయన్ని ఎక్కడికి వేస్తే అక్కడికి, డోర్నకల్, బిట్రగుంట, కాజీపేట, చివరికి మెట్టుగూడ, ఆమె ట్రంకుపెట్టెలతో వెంట వెళ్ళి అక్కడి మిషన్ బళ్ళో సోషల్ చెప్పింది. పిల్లల్లేరు. "నా కాపురం సగం గూడ్సు బండిలోనే జరిగింది" అనేది. క్వార్టర్ గోడకి మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేదట. కొట్టిన మేకుని ఖాళీ చేసేటప్పుడు పీకి, కన్నంలో సబ్బుముక్క కుక్కి, పైన సున్నం పూసేదట. ఆ సబ్బు కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నవ్వుతూనే చెప్పేది కానీ, చెప్పాక గోడవంక చూసేది.

ఆయన పోయాక, రిటైరయ్యాక, తార్నాకలో రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు కొనుక్కుంది. వెనక గది యూనివర్సిటీలో చదివే ఆడపిల్లలకి అద్దెకిచ్చేది. అలా నేను వెళ్ళాను. మాది భువనగిరి పక్క ఊరు, నాయన వ్యవసాయం. ఎం.ఏ.లో చేరాక నేను ఏ హాస్టల్ గదిలోనూ సెమిస్టర్ నిండా ఉండలేదు. ఒకచోట రూమ్మేట్ పడదు, ఒకచోట కిటికీ పడదు, ఒకచోట నాకు నేనే పడను. ఒక రెక్సిన్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చిన నన్ను చూసి టీచరమ్మ మెట్ల వైపు తొంగిచూసింది.

"మిగతా సామానేదీ?"

"గింతే ఆంటీ. ఎప్పుడంటే అప్పుడు లేచిపోవచ్చు."

"నేను ముప్పయ్యేళ్ళు అట్టాగే బతికానమ్మాయ్. అదేదో గొప్పనుకుంటున్నావా?" అంటూ బ్యాగు అందుకుంది.

ఆ ఇంట్లోకి అడుగు పెడితే ముందు వచ్చేది హాలు కాదు, పాసేజీ. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకోవాలి. వీధి తలుపు దాని చివర్న పక్కగోడకి ఉండేది, బయటికి పోవాలంటే మలుపు తిరగాలి. ప్రతి బుధవారం సాయంత్రం ఆమె ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక. ఆ పాసేజీలో చెప్పులు, గొడుగులు, బైబిల్ సంచులు ఒకదానిమీద ఒకటి. కూడిక అయ్యాక ప్రతివారం అదో తిరనాళ్ళు. ఒకసారి నర్సమ్మ ఒక కాలికి తనదీ, ఒక కాలికి ఇంకొకరిదీ వేసుకుని లాలాపేట దాకా వెళ్ళిపోయింది. నర్సమ్మంటే టీచరమ్మ చర్చి స్నేహితురాలు, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు పోయాయి. వంగి చెప్పు బకిలీ తియ్యాలంటే ఎవరో ఒకరి భుజం కావాలి.

"ఈ మనుషులకి కూర్చుని చెప్పులు విప్పుకునే చోటన్నా లేదు నా ఇంట్లో" అని టీచరమ్మ ప్రతి బుధవారం నొచ్చుకునేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, గంజి చీర కూడా మార్చుకోకుండా, స్టూలెక్కి పాసేజీ గోడ మీద సుద్దముక్కతో గియ్యడం మొదలుపెట్టింది. నేను క్యాంపస్ నుంచి వచ్చేసరికి సగం గోడ అయిపోయింది.

"ఏందాంటీ, ఇండియా మ్యాపా?"

"ఇండియా అయితే కళ్ళు మూసుకుని గీస్తాను. ఇది కష్టం. ఇందులోకి చెప్పులు పట్టాలి."

బీరువా గీసింది, అసలు కొలతలకి. కింద చెప్పుల అరలు. వాటిమీద కూర్చోడానికి బల్ల. పైన గొడుగులకి కొక్కేలు, ఆపైన పాటల పుస్తకాలకీ బైబిల్ సంచులకీ అర. నేలమీద కూడా గీసింది, బీరువా ఎంత ముందుకొస్తుందో. గోడలో పాతించి, టేకుతో, వడ్రంగి మేస్త్రితో చేయించాలని. మూడో అంతస్తులో గుమస్తాగారింట్లో పాసేజీలో అచ్చం అలాంటిదే ఉంది. అంబర్‌పేట్ మేస్త్రి చేశాడు. అది చూసినప్పటి నుంచీ ఆమెకి ఆశ.

ఆ గీతలు గీసిన వారంలోనే ఒక వింత జరిగింది. లేని బీరువాకి అందరూ తప్పుకుని నడవడం మొదలుపెట్టారు. గ్యాసు బండ తెచ్చినతను గీత ఇవతలే నిలబెట్టి, "అమ్మా, బీరువా మీదెక్కియ్యాల్నా?" అని నవ్వేవాడు. నర్సమ్మ తలుపు తీసినట్టు చెయ్యి ఊపి, "ఏవక్కా, గొళ్ళెం బిగుసుకుపోయిందే" అనేది. ఆలస్యమై పరిగెత్తే రోజు కూడా నా భుజం దానంతటదే పక్కకి ఒరిగేది. పొద్దున తడిగుడ్డ పెట్టగానే నేల గీతలు పోయేవి. టీచరమ్మ మళ్ళీ వంగి గీసేది, రోజూ.

"పాస్టరుగారు చూస్తే ముగ్గేశావనుకుంటారక్కా" అంది నర్సమ్మ ఓసారి.

"అనుకోనీ. చుక్కలు పెట్టలేదుగా."

నాకు మాత్రం ఆ గోడలో పాతే ఆలోచనే నచ్చేది కాదు. అప్పుడప్పుడే సిటీలో విడి పలకల బీరువాలు వస్తున్నాయి. అట్టపెట్టెలో పలకలూ బోల్టులూ వస్తాయి, ఒక వంకర ఇనప తాళంచెవి ఇస్తారు, మనమే బిగించుకోవాలి. పేపర్లో ప్రకటన కత్తిరించి ఆమెకి చూపించాను.

"ఒక్క గంటల బిగించుకోవచ్చు, ఒక్క గంటల విప్పుకోవచ్చు. ఇల్లు మారితే ఎంట తీస్కపోవచ్చు ఆంటీ."

"ఇల్లెందుకు మారతాను?"

"మాట వరసకి."

"మాట వరసకి కూడా అనమాక."

అయినా నాకోసం షోరూముకి వచ్చింది. సికింద్రాబాద్‌లో ఏసీ షోరూము. టై కట్టుకున్న కుర్రాడు వెంటపడ్డాడు. టీచరమ్మ బీరువా తలుపుమీద, బళ్ళో పిల్లాడి నెత్తిమీద కొట్టినట్టు, వేలి కణుపులతో టకటకమని కొట్టి వింది.

"ఇదే చెట్టు బాబూ?"

"ఇంపోర్టెడ్ ఫినిషింగ్ మేడమ్."

"ఫినిషింగ్ అడగలేదు నాయనా, చెట్టు అడిగాను."

కుర్రాడు లోపలికెళ్ళి ఎవర్నో అడిగొచ్చాడు. రంపప్పొట్టుని జిగురేసి నొక్కి చేసిన చెక్క అని చెప్పాడు. టీచరమ్మ దానిని జాలిగా నిమిరింది. బస్సులో వస్తూ, "పాపం, కుర్రాడు మంచివాడే" అంది. బీరువా గురించి ఇంకేమీ అనలేదు. అనకపోవడమే ఆమె తీర్పు.

పొద్దున్నే ఆమె యూనివర్సిటీ రోడ్లమీద నడిచేది. నన్ను లేపి లాక్కెళ్ళేది. నర్సమ్మ ఆ మోకాళ్ళ నొప్పులతోనే కాలేజీ ముందు దాకా వచ్చి ఆగిపోయేది. ఆ రోజుల్లో టీచరమ్మ నడక మానేసి ఎక్కడ ఏ అరుగు కనిపిస్తే అక్కడ కూర్చుని చూడడం మొదలుపెట్టింది. కాలేజీ మెట్లు, లైబ్రరీ ముందు రాతిబల్ల, కల్వర్టు గోడ. కూర్చుని, లేచి, నర్సమ్మని కూర్చోబెట్టి, లేపి, నేల నుంచి ఎత్తు జానతో కొలిచేది. విద్యార్థులు మమ్మల్ని వింతగా చూసేవాళ్ళు. నేను చెట్టుకింద అటూ ఇటూ తిరుగుతూ, "ఆంటీ, నాకు క్లాసున్నది" అనేదాన్ని. క్లాసు ఉండేది కాదు.

"కాసేపు కూర్చోవే. కూర్చోడం కూడా ఒక పనే. నువ్వు అది ఎక్కడా నేర్చుకోలేదు."

"మీరు నేర్పరాదుండ్రి."

"బల్ల చేయించనీ, అప్పుడు నేర్పుతా."

చివరికి లైబ్రరీ ముందు రాతిబల్ల ఎత్తు నర్సమ్మ మోకాళ్ళకి సరిపోయింది. "ఇదక్కా, ఇదీ! ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను చూడు" అని నర్సమ్మ లేచి కూర్చుని, కూర్చుని లేచి, చిన్నపిల్లలా చేసింది. టీచరమ్మ కొంగు కొసతో ఆ ఎత్తుని కొలిచి, అక్కడ ముడి వేసుకుని, ఇంటిదాకా ఆ ముడి పట్టుకునే నడిచింది. ఇంటికి రాగానే గోడమీద బల్ల గీతని తుడిచి, ముడి దగ్గర మళ్ళీ గీసింది. మిగతా గీతలకంటే లావుగా.

ఇక మేస్త్రి. అంబర్‌పేట్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వచ్చిన మొదటిసారే గీతలు చూసి, "అమ్మా, సగం పని నువ్వే చేసినవ్. ఫికర్ చెయ్యకు, పక్కా చేస్తా. రేపే కట్టె తెస్తా" అన్నాడు. కానీ అది ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాల కాలం. ఆ రోజుల్లో టీచరమ్మ ఇంట్లోకి కొత్త వస్తువు రాదు.

"ఈస్టర్ వెళ్ళనీ నాయనా."

మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "గదేందమ్మా, మీకూ ఆషాఢమున్నదా?"

"ఉంది. మాది ఎండలప్పుడే వస్తుంది."

ఈస్టర్ వెళ్ళింది. ఆసరికి పెళ్ళిళ్ళు మొదలై మేస్త్రి మంచాల పనిలో మునిగిపోయాడు. పెళ్ళిళ్ళు తగ్గి, కట్టె కోయించి, చెప్పుల అరలకి సాంపుల్ పలక తెచ్చేసరికి ఆషాఢం వచ్చింది.

"ఆషాఢంల కొత్త పని పట్టనమ్మా. మా అయ్య పట్టలే, నేను పట్ట."

"చెప్పులు పెట్టుకునే బీరువాకి ముహూర్తమేంటయ్యా?"

"నీ పండగొచ్చేదాంక నేనాగిన. నా నెల పోయేదాంక నువ్వాగవా?"

టీచరమ్మ దానికి పకపకా నవ్వి, టీ ఇచ్చి పంపించింది. "న్యాయం మాట్లాడాడు" అంది. ఒకరి దేవుడి కోసం ఒకరు అంత మర్యాదగా ఆగారు. ఎవరో ఒకరు కాస్త మొరటుగా ఉండి ఉంటే ఆ బీరువా లేచి నిలబడేది. నిలబడ్డాక ఎవరూ పీకేవాళ్ళు కాదు.

ఆ ఆషాఢంలోనే పైన మూడో అంతస్తులో గుమస్తాగారు పోయారు. ఆయనా వీళ్ళ చర్చి మనిషే. చనిపోయినవాళ్ళని ఇంట్లో పడుకోబెట్టి, పాటలు పాడి, పెట్టెలో పెట్టి తీసుకెళ్ళడం వాళ్ళ ఆనవాయితీ. టీచరమ్మతో నేనూ వెళ్ళాను. ప్రార్థన అయింది. ఆరుగురు పెట్టె ఎత్తుకుని పాసేజీలోకి వచ్చారు. మలుపు దగ్గర పెట్టె తల బీరువాకి కొట్టుకుంది. వెనక్కి వెళ్ళారు. కాళ్ళవైపు ముందు పెట్టుకుని వచ్చారు. మళ్ళీ కొట్టుకుంది. "గడ్డపార తేండి, బీరువా పీకేద్దాం" అన్నారెవరో. మేస్త్రి పని, సిమెంటులో పాతింది, అంత తేలిగ్గా వస్తుందా? చినుకులు పడుతున్నాయి, కింద బండి ఆగివుంది, పాట పాడేవాళ్ళు పాట ఆపేశారు. చివరికి మూత బిగించి, పెట్టెని నిలువుగా లేపారు. లోపల ఏదో జారిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

ఆయన భార్య అప్పటిదాకా ఏడవలేదు. ఆ చప్పుడికి గోడ పట్టుకుని, "మెల్లగానయ్యా, మెల్లగా. ఆయన నిలబడలేడయ్యా" అని అరిచింది.

మేము కిందికి వచ్చాం. సమాధులతోట నుంచి తిరిగొచ్చాక టీచరమ్మ పాసేజీలో స్టూలేసుకుని సుద్దగీతల ఎదురుగా కూర్చుంది. ఆ రోజు ఆమె మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తు.

"బతికినన్నాళ్ళూ నిలబడే పాఠం చెప్పాను. పోయేటప్పుడన్నా పడుకుని పోనివ్వండి నన్ను."

"గిప్పుడే ఏం పోతరాంటీ మీరు!"

"నా సంగతి కాదమ్మాయ్. నన్ను మోసేవాళ్ళ సంగతి. వాళ్ళు ఆ మలుపులో నన్ను పెట్టుకుని తిట్టుకోకూడదు."

శ్రావణం రాగానే మేస్త్రి సైకిల్‌కి పలకలు కట్టుకుని నవ్వుతూ వచ్చాడు. టీచరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వద్దని చెప్పింది. ఆయన చాలాసేపు బతిమాలాడు.

"విప్పేటట్టే చేస్తనమ్మా. టేకే. నట్లు పెడ్త. గోడల పాతను. యాడికి కావాల్నంటే గాడికి జరుపుకో."

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "జరుపుకునేవి జన్మంతా జరిపాను నాయనా. గోడలో ఉండిపోయేది ఒక్కటి కావాలనుకున్నాను. అది కుదర్దు. విప్పుకునేదే అయితే టేకు ఎందుకు, ఏదైనా ఒకటే."

మేస్త్రి పలకలు మళ్ళీ సైకిల్‌కి కట్టుకున్నాడు. పోతూ పోతూ, నేలమీద గీత తొక్కకుండా, గోడవారగా పోయాడు.

ఇనప బీరువా కొనచ్చు కదా అంది నర్సమ్మ. దాన్ని బయటికి లాగడానికే నలుగురు కావాలి, వాళ్ళు నన్నెప్పుడు మోస్తారు అంది టీచరమ్మ. అలా నేను కత్తిరించి చూపించిన ప్రకటనలో బీరువాయే ఆ ఇంటికి వచ్చింది. అట్టపెట్టెలో, ట్రాలీ ఆటోలో. నా మాట నెగ్గింది కదా అని నాకేం సంతోషం కలగలేదు. బొమ్మల కాగితం చూస్తూ నేను బిగిస్తుంటే టీచరమ్మ బోల్టులు అందించింది. ఒక తలుపు తలకిందులుగా బిగించాను. విప్పి మళ్ళీ బిగించాను. విప్పడం ఎంత సులువో చూసి ఆమె మొహం తేటపడింది.

"ఇంకోసారి విప్పు చూద్దాం."

"ఎందుకాంటీ, మంచిగనే ఉన్నది గదా?"

"ఎంతసేపు పడుతుందో చూడాలిగా."

గోడమీద గీసినదానికంటే అది చాలా చిన్నది. బీరువా చుట్టూ మిగిలిన గీతల్ని టీచరమ్మ తడిగుడ్డతో తుడిచేసింది. వెనకవి కూడా తుడిచేసిందనే నేను అనుకున్నాను. దానికి కూర్చునే బల్ల లేదు. రాతిబల్ల ఎత్తుని కొంగుకి ముడేసుకుని తెచ్చిన సంగతి ఎవరమూ ఎత్తలేదు. మొదటి బుధవారం నర్సమ్మ వచ్చి, దాన్ని ఆసరా చేసుకుని చెప్పు విప్పబోతే అది కిర్రుమని ఊగింది.

"ఇదేంటక్కా, నాటకం సెట్టింగులా ఉంది!"

"ఊగుతుంది కానీ పడదు. నీలాగే" అంది టీచరమ్మ, భుజం అందిస్తూ. ఆ తర్వాత ప్రతి బుధవారం ఆ భుజమే బల్ల.

వంకర తాళంచెవిని తలుపు పక్కన మేకుకి తగిలించింది. తన సొంత ఇంట్లో తను కొట్టిన మేకు అది. వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "నేను పోయిన రోజు ముందు ఈ తాళంచెవి అందుకోండి. బీరువా విప్పాక ఏడుద్దురుగాని." అందరూ "ఊరుకోండి టీచరమ్మా" అనేవాళ్ళు. నాకూ నర్సమ్మకీ మాత్రం నవ్వుతూ చెప్పలేదు. ఒక సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఏ బోల్టు ముందు, ఏది తర్వాత, ఒకసారి చేయించి చూసింది. పరీక్షకి ముందు పాఠం మళ్ళీ చెప్పినట్టు.

ఎం.ఏ. అయ్యాక నాకు హబ్సిగూడలో ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకున్నాను. ఆ రెక్సిన్ బ్యాగుతోనే. తార్నాక ఎంత దూరం? అయినా వెళ్ళడం పల్చబడింది. కిందటి వానాకాలంలో వెళ్ళినప్పుడు బీరువా కింది పలక తడి గొడుగులకి ఉబ్బి, తలుపు పడక, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"ఖరాబైంది కదాంటీ. ఇంకోటి కొందాం?"

"ఎందుకే? ఇక మారేది ఒక్క ఇల్లేగా. అందాకా ఆగుతుంది."

నేను టీ తాగి, గడియారం చూసి, లేచాను. "కూర్చోవే" అంది. "బస్సు పోతది ఆంటీ" అన్నాను. మెట్లు దిగుతుంటే వెనక రబ్బరు బ్యాండు లాగి వదిలిన చప్పుడు వినిపించింది. అదే ఆఖరు.

ఫోన్ వచ్చిన రోజు పొద్దున నేను వెళ్ళేసరికి నర్సమ్మ అప్పటికే తలుపు తెరిచి, స్టూలు మీద కూర్చుని, తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇద్దరం ఏడవలేదు. చెప్పిన వరసలోనే విప్పాం. గొడుగులు తీసి పక్కన పెట్టాం. ఆమె నల్లచెప్పులు నర్సమ్మ తన కొంగుతో తుడిచి హాల్లో పెట్టింది. కింది పలక ఉబ్బిపోయి రాకపోతే నేను కాలితో తన్నాల్సి వచ్చింది. తన్నినందుకు "సారీ ఆంటీ" అన్నాను, ఎవరికో. వెనక అట్ట ఊడదీసి పక్కకి పెట్టాను.

గోడమీద గీతలు అలాగే ఉన్నాయి.

బీరువా కప్పినంత మేర, గీసిన రోజు ఎలా ఉన్నాయో అలా. చెప్పుల అరలు. కొక్కేలు సగం. ఆమె తుడిచేసిన చోట ఆగిపోయిన పై అర. మధ్యలో లావుగా బల్ల గీత, నర్సమ్మ మోకాళ్ళ ఎత్తులో. చుట్టూ గోడ మాసిపోయింది, అక్కడ మాత్రం తెల్లగా ఉంది. నర్సమ్మ స్టూలుతో సహా దగ్గరికి జరిగి, ఆ గీత మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందని వెనక్కి తీసుకుంది.

"తుడవలేదు చూడవే ఇది. మనకి చెప్పనే లేదు."

పలకలన్నీ మెట్ల దగ్గర గోడకి ఆనించాం. పాసేజీ ఊడ్చాను. మలుపు దగ్గర చేతులు చాచి చూశాను, పెట్టె తిరుగుతుంది, తాపీగా తిరుగుతుంది. ఇంతలో వాన అందుకుంది. ఎదురింటివాళ్ళ ఫోన్‌కి కబురొచ్చింది. మాట్లాడింది టీచరమ్మ తమ్ముడు, రాత్రి బస్సుకి వచ్చి ఆస్పత్రిలో ఉన్నాయన.

"రెండంతస్తులు ఎక్కించి దించడం ఎందుకమ్మా ఈ వానలో? లిఫ్టు కూడా లేదు. ఇటునుంచిటే చర్చికి తీసుకుపోతున్నాం. మీరు తెల్లచీర పట్టుకుని అక్కడికి వచ్చెయ్యండి."

ఆయన మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాను, కుదరలేదు. ఆయన చెప్పిందీ మోసేవాళ్ళ గురించే. అక్కకి తమ్ముడే కదా. నర్సమ్మ మాత్రం ఆ రిసీవర్ పట్టుకుని, "బాబూ, మేము బీరువా విప్పాం. దారి చేసి పెట్టాం. ఒక్కసారి తీసుకురండి, ఒక్క అయిదు నిమిషాలు" అంది. అవతల ఆయనకి ఆ మాట అర్థమై ఉండదు. "ఏ బీరువా అమ్మా?" అని అడిగాడట.

టీచరమ్మ పడుకునే వెళ్ళింది. నేల మీదుగా, చర్చిలోంచి, వెడల్పాటి తలుపులోంచి. ఎవరికీ ఎక్కడా మలుపు అడ్డురాలేదు. ఏ గోడకీ ఏదీ తగల్లేదు. ఏ మలుపు కోసం ఆమె గోడలో ఉండిపోయే బీరువాని వదులుకుందో ఆ మలుపు దాకా ఆమె రానేలేదు. ఆ టేకు పలకలతో మేస్త్రి మరెవరికో మంచమో తలుపో చేసే ఉంటాడు. ఆ శ్రావణంలో, సైకిల్‌కి పలకలు కట్టి ఉండగా, మేస్త్రి, నర్సమ్మ, నేను, మా ముగ్గురిలో ఒక్కరికైనా "ఆ రోజు సంగతి ఆ రోజు చూసుకుందాం ఆంటీ, ముందు మీరు కూర్చోండి" అనే మాట తోచలేదు. అంత చిన్న మాట. అది అని ఉంటే ఇన్నేళ్ళ బుధవారాలు ఆమె ఆ బల్లమీద కూర్చుని వచ్చేవాళ్ళకి ఎదురుచూసేది. నేనూ కాసేపు కూర్చునేదాన్నేమో. ఏమో, అప్పటికీ బస్సు ఉందనేదాన్నేమో.

తర్వాత వారం ఆ ఇంట్లోనే ఆదరణ కూడిక, ఓదార్పు ప్రార్థన, పెట్టారు. ఆ రోజూ బుధవారమే. తమ్ముడుగారు ఫ్లాటు ఖాళీ చేసి అమ్మేస్తున్నారు, సున్నాలవాళ్ళకి కూడా చెప్పారట. పలకలు ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాయి. విప్పడం నేర్పింది కానీ మళ్ళీ బిగించమని ఎవరికీ చెప్పలేదు కదా, ఎవరమూ బిగించలేదు. నేను ముందే వెళ్ళి పాసేజీలో నిలబడ్డాను, నర్సమ్మకి భుజం ఇవ్వడానికి.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నేలమీద గీతలు ఏనాడో పోయాయి, తడిగుడ్డకి. అయినా ప్రతి ఒక్కరూ ఆ గోడ దగ్గరికి రాగానే కొంగు దగ్గరికి లాక్కుని, ఒక పక్కకి ఒరిగి, నడిచారు. గుమస్తాగారి భార్య కూడా అలాగే ఒరిగింది. వాళ్ళకి తెలిసి చేశారో తెలియక చేశారో నేను అడగలేదు. నర్సమ్మ నా భుజం పట్టుకుని బకిలీ తీసి, వదిలేసిన చెప్పుల్ని కాలితో ఇవతలికి జరిపి లోపలికి వెళ్ళింది.

లోపల పాట మొదలైంది. నేను పాసేజీలోనే ఉండిపోయాను. ఎన్నో జతలు, కుప్పగా, ఒకదానిమీద ఒకటి, గుమ్మందాకా. బీరువా ఉండాల్సిన మేర మాత్రం నేల శుభ్రంగా ఉంది. అక్కడ ఎవరూ ఒక్క చెప్పు కూడా విడవలేదు.